మద్రాసు వెండితెర కథలు – 9వ భాగం: యుద్ధం రోజుల్లో పోతన

కిందటి భాగంలో నాగయ్యను మద్రాసు దాకా తీసుకొచ్చి వదిలిపెట్టాం. రేపల్లెలో పుట్టి చిత్తూరు సీమలో పెరిగిన ఉప్పలదడియం నాగయ్య గుమాస్తాగిరీ చేశాడు, పత్రికలో రాశాడు, ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ఉద్యమంలో తిరిగాడు. చిత్తూరు రామవిలాస సభ వారి ‘సారంగధర’లో చిత్రాంగి వేషం కట్టి పేరు తెచ్చుకున్నాడు. సొంత ఇంట్లో మాత్రం చావు మీద చావు చూసి, తిరువణ్ణామలైలో రమణ మహర్షి ఆశ్రమం చేరాడు. అలాంటి మనిషిని సినిమా వెనక్కి పిలిచింది. 1938లో హెచ్.ఎం.రెడ్డి ‘గృహలక్ష్మి’, 1939లో బి.ఎన్.రెడ్డి ‘వందేమాతరం’. కాంచనమాల పక్కన నిరుద్యోగి రఘు వేషంలో నాగయ్య పాడిన పాటలు గ్రామఫోను రికార్డుల మీద తెలుగుదేశమంతా తిరిగాయి. అప్పటికి అతనికి ముప్పై అయిదేళ్లు. కుర్ర కథానాయకుడి వయసు కాదు, రూపమూ కాదు.

మరి ఏ బలంతో నిలబడ్డాడు? ఈ భాగమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

1940లో వాహినీ వారి ‘సుమంగళి’ వచ్చింది. వితంతు వివాహం చుట్టూ అల్లిన కథ. అందులో నాగయ్యకు ఇచ్చింది ముసలి పంతులుగారి వేషం, కందుకూరి వీరేశలింగం పోలికలున్న సంస్కర్త. నిన్న కాంచనమాలతో ప్రేమగీతాలు పాడినవాడికి ఏడాది తిరక్కుండా తల నెరిపించి చేతికి కర్ర ఇవ్వడమంటే ఇవాళ ఏ కథానాయకుడూ ఒప్పుకోడు. నాగయ్య ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమే కాదు, ఆ వేషంలో తన దారేదో చూసుకున్నాడనిపిస్తుంది. మనిషి మెల్లగా మాట్లాడతాడు. కోపం వచ్చినా గొంతు పెంచడు. ఏడుపు సన్నివేశంలో రంగస్థలం వాళ్లలా గుండెలు బాదుకోడు, చూపు దించుకుంటాడు, అంతే. నాటకం నుంచి వచ్చిన నటులు చాలామంది ఇంకా ఆఖరి వరుస ప్రేక్షకుడికి వినపడేలా అరుస్తున్న కాలంలో, మైకు ఉన్నది ఎందుకో తెలిసిన కొద్దిమందిలో ఇతనొకడు.

అదే ఏడాది వై.వి.రావు తీసిన ‘విశ్వమోహిని’లో నటించాడు. సినిమా లోకం మీదే తీసిన సినిమా అది. 1941లో బి.ఎన్.రెడ్డి ‘దేవత’. లండన్‌లో చదువుకొని వచ్చిన పెద్దింటి కొడుకు ఇంట్లో పనిచేసే పిల్లను నమ్మించి మోసం చేయడం, ఆ తప్పు దిద్దుకోవడానికి పడ్డ పాట్లు అందులో కథ. కుమారి పనిపిల్ల, టంగుటూరి సూర్యకుమారి నాగయ్యకు చెల్లెలు. ఇంకొకరు వేస్తే జనం ఛీకొట్టేవాళ్లే ఆ పాత్రను. నాగయ్య ముఖంలో పశ్చాత్తాపం మొదటి రీలు నుంచే కనపడుతుంది కాబోలు, ప్రేక్షకులు క్షమించేశారు.

ఆ ఏడాదే తమిళంలో ‘అశోక్ కుమార్’ వచ్చింది. తమిళ తెరకు మకుటంలేని మహారాజు ఎం.కె.త్యాగరాజ భాగవతార్ కునాలుడు, మన కన్నాంబ తిష్యరక్షిత, నాగయ్య అశోక చక్రవర్తి. ఎం.జి.రామచంద్రన్ అనే యువకుడికి అందులో చిన్న వేషం. కునాలుడి కథ తెలిసినవాళ్లకు వెంటనే తట్టే సంగతి ఒకటుంది. సవతి తల్లి మోహం, కొడుకు మీద పడ్డ నింద, తండ్రి తొందరపాటు, కొడుక్కి దారుణ శిక్ష. ఇది ‘సారంగధర’ కథే, ఊరూ పేర్లూ వేరు. చిత్తూరు నాటకంలో చిత్రాంగిగా కొడుకును బలిపెట్టినవాడు ఇక్కడ తండ్రిగా అదే పని చేశాడు. ఆ కథ లోపలి దారులన్నీ అతనికి ముందే తెలుసు. తెలుగువాడైనా తమిళ ప్రేక్షకులు అతన్ని పరాయివాడిగా చూడలేదు, తర్వాత ముప్పై ఏళ్లూ చూడలేదు.

ఇక్కడ కాస్త ఆగి, ఆ కాలంలో సినిమాపాట ఎలా పుట్టేదో చెప్పుకోవాలి. నాగయ్య బలమంతా అక్కడే ఉంది.

టాకీలు వచ్చిన తొలి ఏళ్లలో ఎవరి పాట వాళ్లే పాడాలి, అదీ కెమెరా ముందు, నటిస్తూ. బొమ్మా శబ్దమూ ఒకేసారి ఎక్కాలి. కెమెరాకు కనపడకుండా హార్మోనియం, ఫిడేలు, తబలా వాళ్లు సెట్టు వెనకో చెట్టు చాటునో కూర్చుంటారు. మైకు నటుడి నెత్తిమీద ఎక్కడో వేలాడుతుంటుంది. నటుడు మైకు దాటి నాలుగడుగులు వేస్తే పాట పోయింది. పక్కన కాకి అరిచినా, దూరంగా రైలు కూసినా మళ్లీ మొదటినుంచి. ఫిలిం ఖరీదు, కాబట్టి మళ్లీ మళ్లీ తీయడానికి నిర్మాత గుండె ఒప్పుకోదు. అందువల్ల పాట పాడగలవాడే నటుడు. నటన రానివాడు పాటతో నెట్టుకురావచ్చుగాని, పాట రానివాడికి నటనతో నెట్టుకురావడం కష్టం.

రంగస్థలం మీద పద్యం పాడేవాళ్లకు రాగం లాగడం అలవాటు. పద్యం నాలుగు పాదాలు, రాగం నలభై మలుపులు. జనం ‘వన్స్ మోర్’ అంటే చచ్చిపోయే పాత్ర లేచి కూచుని మళ్లీ పాడి చచ్చిపోవాలి. నాగయ్య సంగీతం నేర్చుకున్నవాడే, రాగం లాగడం అతనికీ వచ్చు. అయినా తెరమీద ఆ పని చేయలేదు. పద్యంలో మాట వినపడాలి, అర్థం తెలియాలి, ఆపైన రాగం. గొంతు పెద్దది కాదు, మృదువైనది. రంగస్థలం మీద అదొక లోపంగా లెక్కపెట్టేవారేమో. మైకు ముందు అదే వరమయింది.

యుద్ధం

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ వారంలోనే మద్రాసు ఖాళీ కావడం మొదలైంది. ఎగ్మూరు, సెంట్రల్ స్టేషన్లలో జనం పెట్టెలూ బిందెలూ మూటగట్టుకొని రైళ్ల మీద పడ్డారు. ప్రభుత్వ కార్యాలయాలు ఊటీ, కోయంబత్తూరు వంటి చోట్లకు తరలిపోయాయి. బాంబులు పడి బోనులు విరిగితే ఊరి మీద పడతాయన్న భయంతో జంతు ప్రదర్శనశాలలో సింహాలనూ పులులనూ కాల్చి చంపించారు. రాత్రిళ్లు దీపాల మీద నల్ల కాగితం. ఇళ్లకు తాళాలు. అద్దెలు పడిపోయాయి.

అలాంటి ఊళ్లో సినిమా తీయడం ఎట్లా? నటులు సొంత ఊళ్లకు వెళ్లిపోయారు, పనివాళ్లూ వెళ్లిపోయారు. ముడి ఫిలిం సముద్రం దాటి రావాలి. ఓడల్లో జాగా యుద్ధ సామగ్రికే చాలడంలేదు. 1943 నాటికి ప్రభుత్వం ఫిలింకు లైసెన్సు పెట్టి, సినిమా నిడివి 11,000 అడుగులు దాటకూడదని కట్టడి చేసింది. అంటే రెండు గంటల బొమ్మ. అంతవరకూ మూడు గంటలకు తగ్గని సినిమాలు తీసిన తెలుగువాళ్లకు అది ప్రాణసంకటం. పాటలన్నా కోయాలి, కథన్నా కోయాలి.

సరిగ్గా ఈ గందరగోళంలోనే వాహినీ సంస్థ లోపల కూడా ఒక కుదుపు వచ్చింది. ‘వందేమాతరం’ నుంచి ఆ సంస్థకు కళ్లూ చేతులూ అయిన ఛాయాగ్రాహకుడు కె.రామ్‌నాథ్, కళాదర్శకుడు ఎ.కె.శేఖర్ ఎస్.ఎస్.వాసన్ జెమినీ స్టూడియోకు వెళ్లిపోయారు. వాసన్ పత్రికల మనిషి, ‘ఆనంద వికటన్’ యజమాని. జనానికి ఏం కావాలో లెక్కగట్టి మరీ ఇవ్వడం ఆయన విద్య. కాలిపోయిన స్టూడియోను వేలంలో కొని జెమినీ అని పేరు పెట్టుకొని రంగంలోకి దిగాడు. బి.ఎన్.రెడ్డిది ఇంకో తరహా. ఆయనకు సినిమా అంటే కొంత సంస్కారం, కొంత సాహిత్యం, కొంత మొండితనం. తెలుగు సినిమాలో ఈ రెండు దారుల మధ్య పోటీ ఇవాళ్టిదాకా తెగలేదని నా అభిప్రాయం.

బి.ఎన్. ఈసారి దర్శకత్వం తాను చేయలేదు. సంస్థలో నిర్మాణ వ్యవహారాలూ డబ్బు లెక్కలూ చూస్తున్న కదిరి వెంకటరెడ్డికి అప్పగించాడు. తాడిపత్రి మనిషి, అప్పటిదాకా ఒక్క సినిమాకూ దర్శకుడు కాదు. లెక్కలు రాసేవాడు సినిమా ఏం తీస్తాడు అన్నవాళ్లకు కొదవ లేదు. తర్వాతి కాలంలో ‘పాతాళ భైరవి’, ‘మాయాబజార్’ తీసిన కె.వి.రెడ్డి ఆయనే అని మనకు తెలుసు కాబట్టి ఇప్పుడు నవ్వొస్తుంది. ఆయన పక్కన కమలాకర కామేశ్వరరావు చేరాడు, ‘కృష్ణా పత్రిక’లో ‘సినీ ఫాన్’ పేరుతో సినిమాలను చీల్చి చెండాడిన విమర్శకుడు. మాటలూ పాటలూ సముద్రాల రాఘవాచార్యవి. సంగీతం నాగయ్యదే, ప్రధాన పాత్రా నాగయ్యదే. సినిమా పేరు ‘భక్త పోతన’.

పోతన కథ తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. పొలం దున్నుకునే కవి, భాగవతం తెలుగు చేశాడు, ఆ కావ్యాన్ని రాజుకు అంకితమివ్వమంటే ఇవ్వనన్నాడు. బావ వరసగా చెప్పుకునే శ్రీనాథుడు పల్లకీలో తిరుగుతుంటే ఈయన నాగలి పట్టుకున్నాడు. బమ్మెర మాదంటే ఒంటిమిట్ట మాదని కొట్టుకునేంతగా జనం సొంతం చేసుకున్న కవి.

అదే పోతన 1942లోనే ఎందుకు తెరకెక్కాడు? భక్తి సినిమా అంటే ఖర్చు తక్కువ, కథ జనానికి ముందే తెలుసు, పాటలకు చోటు బోలెడు. ఇవన్నీ నిజమే. కాని ఇంకొకటి ఉందనిపిస్తుంది. ఆ ఆగస్టులో క్విట్ ఇండియా మొదలైంది, నాయకులంతా జైళ్లలో ఉన్నారు. ‘వందేమాతరం’ లాంటి పేరుతో సినిమా తీస్తే యుద్ధకాలపు చట్టాలు ఊరుకోవు. రాజు పిలిచినా వెళ్లని, రాజు ఇచ్చినా పుచ్చుకోని రైతు కథకు మాత్రం సెన్సారు ఏం చెబుతుంది? హాల్లో కూర్చున్నవాడు దాన్ని భక్తిగా చూశాడో, ఇంకో రకంగా చూశాడో, అది అతనికీ పోతనకూ మధ్య సంగతి.

1942 డిసెంబరులో జెమినీ వారి ‘బాలనాగమ్మ’ విడుదలైంది. సి.పుల్లయ్య దర్శకుడు, కాంచనమాల బాలనాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ. మంత్రాలు, మాయలు, హంగూ ఆర్భాటం. జనం విరగబడ్డారు. (ఆ సినిమా తర్వాత కాంచనమాల బతుకు ఏమైందో విడిగా ఒక భాగం రాయాల్సిన విషాదం, రాస్తాను.) ఆ హోరు తగ్గకముందే, 1943 జనవరిలో వాహినీ ‘భక్త పోతన’తో వచ్చింది. ఒక పక్క మాయల మరాఠీ గుహ, ఇంకో పక్క పోతన గుడిసె. ఎవరైనా గుడిసె మీద పందెం కాస్తారా? ‘భక్త పోతన’ తెలుగునేలనే కాదు, కన్నడ, తమిళ సీమల్లోనూ ఆడింది.

ఆ రోజుల్లో సినిమా పల్లెలకు ఎలా చేరేదో ఇప్పటివాళ్లకు తెలియదు. ఊరికి ఊరికి హాళ్లు లేవు. టూరింగ్ టాకీసు వాళ్లు గుడారం, ప్రొజెక్టరు, జనరేటరు బండ్ల మీద వేసుకొచ్చి ఊరి బయట మకాం పెట్టేవాళ్లు. సాయంత్రం మైకులో పాటలు వేస్తే అదే పిలుపు. నేల, బెంచీ, కుర్చీ. ప్రొజెక్టరు ఒకటే కాబట్టి రీలు రీలుకూ ఆట ఆగేది. ఆ సందులో సోడాలు, వేరుశెనక్కాయలు, పాటల పుస్తకాలు. పాట వినపడగానే ఆ పుస్తకం తెరిచి గొంతు కలిపేవాళ్లుండేవారు. ఇప్పుడు ఆ గుడారంలో, యుద్ధం బియ్యం కరువు తెచ్చిన ఏట, భుజాన కండువాతో, చేతిలో గంటంతో నాగయ్య కనిపిస్తే ఏమవుతుంది? పోతనను చూసినవాడెవడూ లేడు. కాబట్టి పోతన ఇలాగే ఉండి ఉంటాడని జనం తీర్మానించేశారు. అప్పటినుంచి ఎక్కడికి వెళ్లినా నాగయ్యకు దండాలు పెట్టేవాళ్లు కాళ్ల మీద పడేవాళ్లుగా మారారు. నటుడిగా అది గెలుపా, సంకెలా అన్నది ఆయన ముందు చాలాకాలం నిలిచిన ప్రశ్న.

సొంత ఇంట్లో మొదలైన మార్పు

పోతన ఇచ్చిన ఊపులో నాగయ్య సొంతంగా సినిమా తీయడానికి దిగాడు. రేణుకా ఫిలింస్ అని సంస్థ పెట్టి 1943లో పి.పుల్లయ్య దర్శకత్వంలో ‘భాగ్యలక్ష్మి’ తీశాడు. ఆ సినిమా ఇవాళ ఎవరికీ గుర్తులేదు, ఒక్క కారణానికి తప్ప. అందులో కమలా కోట్నీస్ పాత్రకు రావు బాలసరస్వతీదేవి పాట పాడింది. తెరమీద ఒకరు, గొంతు ఇంకొకరిది. తెలుగులో నేపథ్యగానానికి మొదటి మెట్లలో ఒకటిగా దాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు.

పద్ధతి తేలిక. పాట ముందే స్టూడియోలో శుభ్రంగా ఎక్కించుకుంటారు. తర్వాత సెట్టులో ఆ పాట వినిపిస్తుంటే నటుడు పెదాలు కదుపుతాడు. చెట్టు చాటున ఫిడేలు వాయించే అవస్థ లేదు, కెమెరాను ఎటైనా తిప్పుకోవచ్చు, ఎన్ని ముక్కలుగానైనా తీసుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, పాట రానివాడూ ఇక కథానాయకుడు కావచ్చు. అందం చాలు, ఠీవి చాలు, గొంతు అద్దెకు దొరుకుతుంది. పాడగలగడమే పెట్టుబడిగా వచ్చిన నటుల కాలానికి అది చరమగీతం, అది వినిపించింది నాగయ్య సొంత సంస్థ తీసిన సినిమాలోనే. అప్పుడు ఎవరికీ అలా తోచి ఉండదు. ఒక పాటకు ఇబ్బంది వచ్చింది, ఒక ఉపాయం దొరికింది, అంతే.

దానికి తోడు ఇంకో మలుపు. 1942 ఉద్యమంలో జైలుకెళ్లి, బళ్లారి అలీపురం జైల్లో శిక్ష అనుభవించి వచ్చిన ఒక యువ గాయకుడు సముద్రాల చేతి చలవతో మద్రాసులో అడుగుపెట్టాడు. విజయనగరంలో సంగీతం నేర్చుకున్నాడు, పేరు ఘంటసాల వెంకటేశ్వరరావు. సముద్రాల అతన్ని బి.ఎన్.రెడ్డి దగ్గరకూ నాగయ్య దగ్గరకూ తీసుకెళ్లి పాడించాడు. వెంటనే మేడలు కట్టేంత పనేమీ దొరకలేదు. బృందగానాలు, చిన్నా చితకా వేషాలు, రేడియోలో అడపాదడపా పాట. 1945లో ‘స్వర్గసీమ’లో పాడే అవకాశం వచ్చింది. నాగయ్య సంగీతంలో, నాగయ్య సినిమాల్లో తిరుగుతూ అతను పని నేర్చాడు. రేపు ఏ గొంతు వచ్చి నటగాయకులందరినీ పక్కకు జరపబోతోందో ఆ గొంతుకు నీళ్లు పోసినవాళ్లలో నాగయ్య ఒకడు. అసూయ అనేది ఆ మనిషి జాతకంలో రాయలేదు.

‘స్వర్గసీమ’ గురించి రెండు ముక్కలు. బి.ఎన్.రెడ్డి దర్శకుడు. నాగయ్యది పత్రికా సంపాదకుడు మూర్తి వేషం. వీధుల్లో ఆడిపాడే సుబ్బిని చేరదీసి, ఆమె మోజులో పడి పెళ్లాం పిల్లల్ని మరిచినవాడు. భార్యగా గుబ్బి నాటక సంస్థ నటి బి.జయమ్మ, సుబ్బిగా పెళ్లి చేసుకొని సినిమాలు మానుకుందామనుకున్న భానుమతి. పోతన కాళ్లకు మొక్కిన జనం అదే మనిషి వ్యామోహంలో పడి ఇల్లు గుల్ల చేసుకుంటుంటే కూడా చూశారు, బాగా చూశారు. కాకపోతే ఆ సినిమా గెలుపులో సింహభాగం భానుమతి కొట్టుకుపోయింది. తెర మీద ఆమె ఉంటే పక్కవాడు కనపడడం ఎవరికైనా కష్టమే.

అదే 1945లో తమిళ ‘మీరా’. ఎల్లిస్ ఆర్.డంకన్ అనే అమెరికావాడు దర్శకుడు, టి.సదాశివం నిర్మాత, ఎం.ఎస్.సుబ్బులక్ష్మి మీరా, నాగయ్య రాణా. భక్తురాలైన భార్యను ప్రేమించీ, అర్థంచేసుకోలేకా నలిగిపోయే రాజు. భక్తుడి వేషాలకు అలవాటుపడ్డవాడు ఈసారి భక్తిని బయటినుంచి చూసి బాధపడాలి. నా మటుకు నాకు నాగయ్య చేసిన మంచి పనుల్లో ఇది మొదటి వరసలో ఉంటుంది.

త్యాగయ్య

ఇక 1946. యుద్ధం అయిపోయింది, ఫిలిం కట్టడి సడలింది. మద్రాసు రాష్ట్రానికి ప్రధాని టంగుటూరి ప్రకాశం. నాగయ్య రేణుకా సంస్థ పేరుతో ‘త్యాగయ్య’ తలపెట్టాడు. నిర్మాత తానే, దర్శకుడు తానే, సంగీతం తనదే, త్యాగరాజూ తానే.

త్యాగరాజు కన్నుమూసింది 1847 జనవరిలో. అంటే నూరేళ్లు నిండబోతున్నాయి. తిరువయ్యారులో ఆయన సమాధి మీద గుడి లేచింది బెంగుళూరు నాగరత్నమ్మ అనే దేవదాసి డబ్బుతో, పంతంతో. ఆరాధనలో ఆడవాళ్లను పాడనివ్వమన్న విద్వాంసులకు ఎదురుగా ఆడవాళ్ల ఆరాధన పెట్టింది ఆ మహాతల్లి. పెద్ద పక్షం, చిన్న పక్షం అని ఏళ్ల తరబడి సాగిన ముఠా తగాదాలు 1940 ప్రాంతంలో గాని సర్దుకోలేదు. అప్పటికి ముసలిదైపోయిన నాగరత్నమ్మ తిరువయ్యారులోనే ఉంది.

ఇంకోవైపు మద్రాసులో తమిళ ఇసై ఉద్యమం జోరుగా ఉంది. తమిళ దేశంలో కచేరీలన్నీ తెలుగు కీర్తనలతోనే ఎందుకు నిండాలి, తమిళ పాటలకు చోటేదీ అన్నది వాళ్ల ప్రశ్న. రాజా సర్ అణ్ణామలై చెట్టియార్ అండ, 1941లో అణ్ణామలై విశ్వవిద్యాలయంలో తీర్మానం, 1943లో తమిళ ఇసై సంఘం. ప్రశ్నలో న్యాయం లేదని అనలేం. విద్వాంసులు రెండుగా చీలారు, పత్రికలు కత్తులు దూశాయి. తమిళ పాట తరపున గట్టిగా రాసినవాళ్లలో రచయిత కల్కి ఒకరు, ‘మీరా’కు కొన్ని పాటలు కూడా ఆయన రాశాడు. కిందటేడు ఆ తమిళ పాటల సినిమాలో రాణాగా మెప్పు పొందిన నటుడే ఈ ఏడు తెలుగు కీర్తనలతో నిండిన సినిమా తీసుకొచ్చి అదే తమిళ ప్రేక్షకుల ముందు పెట్టాడు. వాళ్లు దాన్నీ ఆదరించారు. సభల్లో వాదం వాదమే. టిక్కెట్టు కొనుక్కొని కూర్చున్నవాడు మాత్రం రెంటికీ కన్నీళ్లు పెట్టుకున్నాడు.

సినిమా కథ తెలిసిందే. తమ్ముడు పాటలతో పొద్దుపుచ్చుతున్నాడని అన్న జపేశుడికి కోపం. తంజావూరు రాజు కానుకలు పంపితే తమ్ముడు వద్దని తిప్పి పంపాడన్న కోపం ఇంకా పెద్దది. ఆ కోపంలో తమ్ముడు పూజించే రామవిగ్రహాలను కావేరిలో విసిరేశాడు. ముదిగొండ లింగమూర్తి ఆ అన్న వేషం వేశాడు. చెడ్డవాడిగా కాదు, ఇల్లు గడవాలి కదా అని విసిగిపోయిన మనిషిగా. తంబుర భుజాన వేసుకొని వీధి వీధీ తిరుగుతూ ఉంఛవృత్తి చేసే త్యాగయ్యగా నాగయ్య పాడుతుంటే, దర్శకుడి లోపాలు ఎన్ని ఉన్నా (సాగదీత కొంత ఉంది, ఒప్పుకోవాలి), వెతకాలనిపించదు.

పోతన, త్యాగయ్య. ఇద్దరూ రాజు డబ్బు వద్దన్నవాళ్లు. ఈ రెండు పాత్రలతోనే నాగయ్య దక్షిణాదిలో ఎక్కువ పారితోషికం తీసుకునే నటుల్లో చేరాడు. ఇక్కడ ఆ కాలపు ఎత్తిపొడుపు ఒకటి కనిపిస్తుంది. యుద్ధంలో బియ్యం, బట్ట, ఇనుము దాచి అమ్మి గడించినవాళ్ల దగ్గర లెక్కచెప్పని డబ్బు పోగుపడింది. దేశమంతటా ఆ డబ్బు సినిమాల్లోకి ప్రవహించింది. నటుల ధరలు పెరిగాయి, నెలజీతాల స్టూడియో పద్ధతి సడలింది. ధనం తృణప్రాయమని చెప్పే కథలకు ఆ ధనమే చమురు పోసింది.

నాగయ్య చేతిలోకి వచ్చిన డబ్బు ఆ చేతిలో నిలవలేదు. ఆయన ఇంట పొయ్యి ఆరదని మద్రాసులో తెలుగువాళ్లకందరికీ తెలుసు. వేషాల కోసం వచ్చిన కుర్రాళ్లు, రైలు ఛార్జీకి లేనివాళ్లు, పిల్ల పెళ్లి చేయలేని తండ్రులు, చందాల పుస్తకాలవాళ్లు. ఎవరినీ ఎందుకని అడగలేదు. లెక్క రాసిపెట్టేవాడు ఉన్నాడో లేడో. వేసిన వేషాలే మనిషిని అలా చేశాయని కొందరంటారు. అలాంటి మనిషి కాబట్టే ఆ వేషాలు అతికాయని ఇంకొందరు. నేను రెండోవాళ్ల పక్షం. రమణాశ్రమానికి నడిచివెళ్లిన రోజున అతనికి పోతన వేషం ఇంకా ఎవరూ ఇవ్వలేదు మరి.

1946 చివరికి నాగయ్యకు నలభై రెండేళ్లు. దర్శకుడిగా, నిర్మాతగా, నటుడిగా, సంగీతజ్ఞుడిగా అతనికి సాటి రాగలవాళ్లు దక్షిణాదిలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. నటగాయకుల పద్ధతి పునాదిలో మాత్రం ఇటుకలు కదిలిపోయాయి. నిమ్మకూరు నుంచి ఒకరు, గుడివాడ దగ్గరి రామాపురం నుంచి ఒకరు, ఇద్దరు అందగాళ్లు తెరను ఏలబోతున్నారు. వాళ్లలో ఎవరూ ఇక తమ పాట తాము పాడుకోనక్కర్లేదు. అలీపురం జైలు నుంచి వచ్చిన గొంతు వాళ్లిద్దరికీ పాడుతుంది.

వచ్చే భాగంలో: 1947 ఏప్రిల్‌లో వచ్చిన ‘యోగి వేమన’ పండితుల మెప్పు పొంది కూడా ‘పోతన’లా ఎందుకు ఆడలేదు? వడపళనిలో వాహినీ సొంత స్టూడియో ఎలా లేచింది? 1953లో నాగయ్య తీసిన ‘నా ఇల్లు’ ఆయన సొంత ఇంటిని ఏం చేసింది? నిన్నటి కథానాయకుడు కొత్త కథానాయకులకు తండ్రిగా, ‘లవకుశ’లో వాల్మీకిగా మారిన దారి ఎలాంటిది? అక్కడినుంచి చెప్పుకుందాం.